పోలేరమ్మ పక్కన ఖాళీ

మెథడిస్టు పాస్టరు ఇల్లు,
ఉప్పుతిప్ప పాళెం.
11 ఫిబ్రవరి 2025, మంగళవారం.

బిట్రగుంటలో ఉన్న ఏసుమణి పెద్దమ్మకు,

నీ చెల్లెలి కూతురు ఫేబీ వందనాలు చెప్పి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మ క్షేమం, నాన్న క్షేమం, మెట్ల కింద ఈనిన పిల్లి, దాని నాలుగు కూనలూ క్షేమం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయి. ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకే అంటావు. నువ్వు ఫోన్ ఎత్తగానే స్పీకరు పెడతావు. నేనిక్కడ ఒక్కసారి దగ్గితే రైల్వే కాలనీలో నాలుగు క్వార్టర్ల వాళ్ళు మిరియాల కషాయం చెప్తారు. ఇప్పుడు రాసేది వాళ్ళ చెవిన పడకూడదు. అమ్మ చెవిన కూడా ఇప్పుడే వెయ్యొద్దు.

పోయిన వారం నువ్వు అన్న మాటలన్నీ అమ్మ ఉప్పూ కారం వేసి నాకు వడ్డించింది. ఎం.ఏ. చదివి నాకు పొగరెక్కిందట. చర్చిలో చివరి వరసలో గోడకానుకొని కూర్చుంటే అది దేవుడి మీద అలకట. ఇంట్లో నాన్నతో మాట తగ్గిస్తే అది వయసు వేడి అట. అన్నిటికంటే పెద్దది, ప్రతి శనివారం వెంకటాచలం పోయి కలీం డీటీపీ కొట్లో మూడు గంటలు కూర్చుంటే అక్కడ జరిగేది ప్రింటు కాదు, ప్రేమ అట. మీ నాయన ప్రసంగం నాలుగు పేజీలు, దానికి మూడు గంటలేందే అని అమ్మ రోజూ పప్పు తాలింపులో అడుగుతుంది.

కలీం భాయ్‌కి నలభై దాటాయి పెద్దమ్మా. ఆయన భార్య ముంతాజ్ పక్క కుర్చీలో కూర్చొని ఆధార్ కార్డులు లామినేషన్ చేస్తుంటుంది. ఇద్దరూ కలిసి నాకు టీ తెప్పిస్తారు. ఇంతకు మించి అక్కడ కథ లేదు. నాకు పట్టింది ప్రేమ కాదు, రోత. ఇంట్లో ఎవరికీ ఈ రెండింటికీ తేడా తెలియకపోవడం ఇంకో రోత.

నాన్న సంగతి నీకు కొత్త కాదు. ముప్పై ఏళ్ళుగా కాన్ఫరెన్సు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి ట్రంకుపెట్టెలు ఎక్కించిన మనిషి. మూడు నాలుగేళ్ళకోసారి ఊరు మారేది, ప్రసంగం మారేది కాదు. హెబ్రోను ప్రసంగం మొదలుపెట్టినాక ఇంటికి పోయి చారు కాచుకొని వచ్చినా ఆమెన్‌కి అందుకోవచ్చు అని నువ్వే అనేదానివి. అలాంటి మనిషికి ఈ ఏడాదిగా పేరొచ్చింది. వాక్యం బొమ్మ కట్టి చూపిస్తున్నాడని నెల్లూరు నుంచి కార్లలో వస్తున్నారు. ఒక ఆదివారం చర్చిల సూపరింటెండెంటుగారు చెప్పకుండా వచ్చి కూర్చొని, హెబ్రోనుగారూ, మిమ్మల్ని ఈ ఇసకలో పెట్టడం మా పొరపాటు, ఈ కాన్ఫరెన్సు బదిలీల్లో టౌను చర్చి చూద్దాం అన్నాడు. అమ్మ అది ఆత్మ దిగిరావడమే అని తేల్చింది. ఆ రోజు నుంచి నాన్న పళ్ళెంలో కోడి కాలు పడుతోంది.

పోలేరమ్మ ఎవరో చెప్పాలి. మా పాళెంలో చేపలు పట్టే పట్టపు కులం ఆడమనిషి, నలభై ఉంటాయి. మొగుడు ఆదెయ్యకు చిన్న ఫైబరు పడవ. అతను తెచ్చింది ఆమె తట్టకెత్తి, ఆటో ఎక్కి, వెంకటాచలం హైవే పక్కన అమ్ముతుంది. ఎడమ చేతి చూపుడు వేలు సగమే. చిన్నప్పుడు కత్తిపీటకు పోయింది. రెండేళ్ళ కిందట బాప్తిస్మమప్పుడు నాన్న ఆమెకు ప్రిస్కిల్ల అని పేరు పెట్టబోయాడు. పేరు మారిస్తే నా చేపలు ఎవురు కొంటారయ్యగారూ, నేనెవురో ఆయనకు తెలీదా ఏంది అని పైకి చూపించింది పోలేరమ్మ. నాన్న పాత పేరుతోనే నీళ్ళు చిలకరించేశాడు.

మనవాళ్ళ పాత పద్ధతి క్లాసు కూటం ఇక్కడ ఇంకా బతికే ఉంది. గురువారం సాయంత్రం ఆడవాళ్ళు పదిమంది మా వసారాలో చాప మీద కూర్చుంటారు. నీ ప్రాణం ఎలా ఉందమ్మా అని ఒక్కొక్కరినీ అడగాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చాప చుట్టేశాక ఆ మాట గడప దాటకూడదు. డిసెంబరులో ఒక గురువారం, అందరూ వెళ్ళిపోయాక, పోలేరమ్మ మా వసారాలోనే ఒక మాట చెప్పుకుంది.

పోయిన మే నెల, వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డున ఉన్నాయి, ఊరు సగం కడుపుతో ఉంది. పెద్దకాపు పెంచలయ్య అల్లుళ్ళు మాత్రం రింగు వల తీసుకొని వేటకు పోయారు. పట్టపు పాళెంలో కాపు అంటే ఊరి పెద్ద, ఆయన అల్లుళ్ళను అడిగేవాడు లేడు. ఆ వలకు చిన్న చేప, గుడ్డు చేప అని తేడా లేదు, దోమ కూడా దూరదు. ఎవరో మత్స్యశాఖ ఆఫీసుకు ఫోన్ చేశారు. ఆఫీసరు వచ్చి వల పట్టుకుపోయాడు. ఊరి మాట ఊరు దాటించినవాళ్ళు ఎవరో తెలిస్తే దురాయి వేస్తామని కాపులు చాటింపు వేశారు. అంటే ఆ ఇంటితో మాట్లాడకూడదు, వాళ్ళ చేప కొనకూడదు, వాళ్ళ పడవకు భుజం పట్టకూడదు. ఏడు నెలలు ఎవరో తేలలేదు.

ఆ ఫోన్ చేసింది పోలేరమ్మ. ఊరంతా పస్తుండేది ఎందుకమ్మా మరి, చేప ఎదగాలనే గదా, నేను చేసింది తప్పో రైటో నాకు తెలీదు, మోయలేకపోతాండా అనింది. చెప్పుకొని, కొంగుతో మొహం తుడుచుకొని, తేలికైన మనిషిలా నడిచి వెళ్ళింది.

జనవరి పంతొమ్మిదిన నాన్న సత్యం గురించి ప్రసంగించాడు. మన మధ్య ఒక సోదరి ఉంది, సగం వేలున్న చేత్తో తట్ట ఎత్తుకొని హైవే దాకా పోయే సోదరి, ఊరంతా నోరు మూసుకున్న రోజున ఆ సగం వేలితోనే ఫోన్ నొక్కి పూర్తి నిజం చెప్పింది అన్నాడు. పేరు చెప్పలేదు. చర్చిలో అరవైమంది ఉన్నారు. నూట ఇరవై కళ్ళు ఒకే చేతి మీదికి వెళ్ళాయి. పోలేరమ్మ ఆ చెయ్యిని మెల్లగా పైట కిందికి లాక్కుంది. నెల్లూరు నుంచి వచ్చినావిడ ఒకామె గట్టిగా ఆమెన్ అనింది.

సోమవారం కాపులు వలల షెడ్డు కింద కూర్చొని నాన్నను పిలిపించారు. ఎవురు చెప్పినారయ్యగారూ మీకు అని పెంచలయ్య అడిగాడట. పలికింది నేను, భారం నా మీద వెయ్యండి అన్నాడట నాన్న. ఆ మనిషి పోలేరమ్మేనా అంటే ఔననలేదు, కాదనలేదు. పాస్టరు కదా, అబద్ధం చెప్పడు. నిజం కూడా చెప్పడు. దురాయి పడింది.

ఈ రోజుకు ఇరవై రెండు రోజులు. పడవను అలల్లోకి తొయ్యడానికి పదిమంది భుజాలు కావాలి. ఆదెయ్యకు ఉన్నవి రెండు. పోలేరమ్మను ఆటోవాడు ఎక్కించుకోడు. అంగట్లో ఉప్పు అడిగితే అయిపోయిందమ్మా అంటారు, వెనక ఉప్పు మూటలు కనబడుతుంటాయి. ఈ ఆటోవాడూ, ఈ అంగడామె కూడా మన సంఘం వాళ్ళే. ఆదివారం ఎదురుపడితే నాకు రెండు చేతులూ జోడించి వందనాలు సిస్టర్ అంటారు. ఆ చేతులు చూస్తే నాకు వెగటు.

చర్చి లెక్కలు చూసే స్టీవర్డు కిషోర్ బాబు మా ఇంటికొచ్చి, దురాయి ఊరిది, చర్చిది కాదు అయ్యగారూ, మనం తల దూర్చకూడదు, పైగా మన మైకు సెట్టు పెద్దకాపు ఇచ్చిందే గదా అన్నాడు. నాన్న తల ఊపాడు. నేను వంటింట్లోంచి, మైకు తీసేస్తే నిజం వినపడదా అంకుల్ అన్నాను. మీ అమ్మాయి బాగా చదివిందయ్యగారూ అన్నాడు కిషోర్ బాబు. ఇక్కడ ఆడపిల్లను ఛీ అనాలంటే అలా అంటారు.

అమ్మ ఒక డబ్బా బియ్యం ఇచ్చి, పైన గుడ్డ కప్పి, వెనక దారిన పోలేరమ్మకు ఇచ్చి రమ్మంది. వెళ్ళాను. ఆదెయ్య పడవ నీడలో కూర్చొని వల అల్లుతున్నాడు. ఆ వలకు చిరుగు లేదు. బాగున్నదాన్నే విప్పి మళ్ళీ అల్లుతున్నాడు. నన్ను చూసి, ఏమ్మే, మీ నాయన ఈ ఆదివారం నా గురించి ఏమన్నా చెప్తాడంటనా, పెళ్ళానికే వచ్చె పేరంతా అని నవ్వాడు. పోలేరమ్మ నవ్వలేదు. డబ్బా మీది గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, నా చేతిలో పెట్టింది. కప్పకుండా తెచ్చే రోజున తీసుకురామ్మా, తింటాం అనింది. డబ్బా కూడా తిరిగిచ్చేసింది.

ఈ నెల రెండో తేదీ, మొదటి ఆదివారం. ప్రభు బల్ల, రొట్టె పంచే రోజు. పొరుగువారితో సమాధానంగా ఉన్నవాళ్ళు దగ్గరికి రండి అని నాన్న పుస్తకం చూడకుండా పిలిచాడు. ఆడవాళ్ళు లేచి బల్ల ముందు కమ్మీ దగ్గర వరసగా మోకరించారు. పోలేరమ్మ కూడా వెళ్ళి మధ్యలో ఒక చోట మోకాళ్ళ మీద కూర్చుంది. కుడి పక్కామె లేచింది. ఎడమ పక్కామె లేచింది. వాళ్ళ పక్కవాళ్ళూ లేచారు. కళ్ళు మూసుకొని ప్రార్థన చేస్తున్నట్టే లేచి వెనక్కి వచ్చేశారు, భక్తిగా. పోలేరమ్మకు అటు మూడు చోట్లు, ఇటు మూడు చోట్లు ఖాళీ.

నాన్న రొట్టె పళ్ళెంతో వచ్చాడు. మొదటి ఖాళీ ముందు ఆగాడు. రొట్టె ముక్క చాచి, ఇది నీ కొరకు అని అదే గొంతుతో అన్నాడు. తీసుకునే చెయ్యి లేదు. ఒక క్షణం అలాగే చాచి నిలబడ్డాడు. రెండో ఖాళీ ముందు మళ్ళీ చాచాడు. ఖాళీలకు రొట్టె పంచి అయ్యగారు ఎంత గొప్పగా గద్దించినాడు అని బయటికొచ్చాక కిషోర్ బాబు కళ్ళు తుడుచుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు, వాళ్ళావిడే మొదట లేచింది. అది గద్దింపు కాదని నాకు తెలుసు.

నేను ఎక్కడున్నానంటావా, చివరి వరసలో గోడకానుకొని ఉన్నాను. ఆ ఖాళీలోకి వెళ్ళి మోకరించడానికి ఇరవై అడుగులు. లేవలేదు.

ఇప్పుడు ఇల్లంతా కోతల పండగ హడావుడి. ఆదివారం, పదహారో తేదీ. సంగం ఊరి నుంచి కిషోర్ బాబు బావమరిది పంపిన వడ్ల బస్తా వసారాలో దిగింది. ఎండు చేపలు, కోళ్ళు, కొబ్బరికాయలు వస్తున్నాయి. అన్నీ బల్ల ముందు పెట్టి, ప్రార్థన చేసి, వేలం పాడతారు. ముఖ్య అతిథి ఎవరో తెలుసా? పెద్దకాపు పెంచలయ్య. దండ ఆర్డరిచ్చేశారు. నేను నాన్నను అడిగాను, ఆయన మెళ్ళో దండ వేసేటప్పుడు పోలేరమ్మను ఎక్కడ కూర్చోబెడతావు అని. నాన్న పళ్ళెంలోకే చూస్తూ, ఓర్చుకోమ్మా, కాన్ఫరెన్సు దగ్గరికొచ్చింది, ఆయన చూసుకుంటాడు అన్నాడు. ఆయన అంటే ప్రభువో పెంచలయ్యో అర్థం కాలేదు. నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. అదే అమ్మ నీకు ఫోన్‌లో చెప్పిన పొగరు.

ఈ ఇంట్లో గొంతులు మెత్తగా ఉంటాయి పెద్దమ్మా. ఎవరూ ఎవరినీ తిట్టరు. తలుపు తీస్తే దేవుని కృప, వేస్తే దేవుని కృప. ఆ మెత్తదనం చెయ్యి పెట్టిన చోటల్లా అంటుకుంటోంది, చేప జిగురులా, ఎంత కడిగినా పోవడం లేదు.

నీ మందులు మానొద్దు. అమ్మమ్మ పాటల పుస్తకం అట్ట ఊడిందన్నావు, పంపితే కలీం భాయ్ చేత బైండింగు చేయిస్తాను.

ఇట్లు,
మీ అందరి మాటల్లో చెడిపోయిన,
ఫేబీ

తా.క.: పైన రాసినదంతా జరిగిందే. రాయకుండా దాటేసినవి ఉన్నాయి. కవరు అంటించబోయి మళ్ళీ విప్పాను.

నాన్నకు కళ్ళు పోతున్నాయి. నీటికాసులు అని నెల్లూరు డాక్టరు చెప్పి ఏడాదయింది. నర్సుగా చేసినదానివి, అంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. పక్కల చూపు పోయింది, మధ్యలో మసక. చుక్కల మందు సీసా బీరువాలో ప్రార్థన నూనె పక్కన ఉంటుంది, అమ్మకు కూడా తెలియదు. కాన్ఫరెన్సుకు తెలిస్తే టౌను చర్చి కాదు, ఈ చర్చి కూడా ఉండదు. కమ్మీ దగ్గర ఆయన ఎవరినీ గద్దించలేదు. ఎదుట మనుషులు లేరని ఆయనకు కనపడలేదు.

కలీం కొట్లో మూడు గంటలు నేను చేసేది ప్రసంగం రాయడం. మొదట నాన్న చెప్తుంటే రాసుకొని పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసేదాన్ని. తర్వాత, నువ్వే ఏదైనా రాయమ్మా అన్నాడు. ఇంట్లో చదివి వినిపిస్తాను, ఆయన బట్టీ పడతాడు, తడబడితే చూసుకోవడానికి ఆ పెద్ద అక్షరాలు. నెల్లూరు కార్లు వచ్చింది నా మాటలకు. ఆమెన్‌లు నావి. నాకు బాగుండేది పెద్దమ్మా. చివరి వరసలో గోడకానుకొని, ఏ వాక్యం దగ్గర ఎవరి తల లేస్తుందో చూసేదాన్ని. అలక కాదు అది.

ఆడవాళ్ళ క్లాసు కూటం నడిపేది నేను. ఆ గురువారం అందరూ పోయాక పోలేరమ్మ చెప్పుకుంది నాతోనే, ఒక్కదానితోనే. సగం వేలు, పూర్తి నిజం అని రాసింది నేను. రాసి, రెండుసార్లు చదువుకొని, మురిసి, ముంతాజ్‌కు కూడా వినిపించాను. పేరు రాయలేదు కాబట్టి గడప దాటలేదు అనుకున్నాను. నాన్నకు చదివితే, చాలా బాగుందే, ఏ పుస్తకంలోది అన్నాడు. పోలేరమ్మ వేలు ఆయన కళ్ళు బాగున్న రోజుల్లోనే గమనించలేదు. నేను ఔననలేదు, కాదనలేదు. ఆ విద్య మా ఇంటిదే.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయనకు నిజం చెప్పాను. నోరు నాది, నీ పేరు రాకూడదు, ప్రమాణం చెయ్యి అన్నాడు. కాపుల ముందు అందుకే అలా నిలబడ్డాడు. అది నన్ను కాపాడటం అనుకుంటున్నాడు. ఆయన నీడలో నేను చల్లగా ఉన్నాను, ఎండంతా పోలేరమ్మకు పడుతోంది. నాకు పట్టిన రోతలో పెద్ద వాటా నాదే.

ఫోన్ చేసింది ఆడగొంతు అని మాత్రమే ఊరికి తెలుసు. ఆఫీసులో కాగితం లేదు. ఆదివారం కోతల పండగలో సాక్ష్యాల వేళ నేను లేస్తాను. ఆ ఫోన్ చేసింది నేను అని చెప్తాను. ప్రసంగం రాసింది నేను, నా మీదికి రాకుండా పోలేరమ్మ గుర్తులు పెట్టింది నేను అని పెంచలయ్య మెళ్ళో దండ ఉండగానే చెప్తాను. ఇందులో రాసిందీ, గుర్తులు పెట్టిందీ నిజం, మిగతాది అబద్ధం. నమ్ముతారు, ఎందుకంటే అంత నీచం ఎవరూ ఊరికే నెత్తిన వేసుకోరు. నా మీద దురాయి వేసుకోమను. నాకు పడవ లేదు.

నిన్న పోలేరమ్మకు చెప్పి వచ్చాను. ఈసారి బియ్యం డబ్బా మీద గుడ్డ కప్పలేదు, నడి వీధిలోంచి తీసుకెళ్ళాను. ఆమె డబ్బా అందుకొని, చర్చిలో అబద్ధమాడేటప్పుడు నా మొహం చూడబాకమ్మే, నాకు నవ్వొస్తాది అనింది. డబ్బా లోపల పెట్టుకుంది.

ప్రసంగం నువ్వెందుకు రాశావు అంటారు, నాన్న కళ్ళ సంగతి బయటపడుతుంది. టౌను చర్చి రాదు. ఈ ఇల్లు కూడా ఖాళీ చెయ్యాల్సి వస్తుంది, అమ్మను నీ దగ్గరికి పంపుతాను, ఒక గది సర్దిపెట్టు. నాన్నను అడగను. ఆదివారం అబద్ధం చెప్తాను.